ఇషాపూర్ రైఫిల్‌కి డ్రిల్ పెట్టకుండా స్కోప్: ఏడాది వాడాక నా మాట

నలభై ఆరేళ్లకి నాకు చత్వారం వచ్చింది. ఆఫీసులో అద్దాలతో నెట్టుకొస్తున్నా గానీ, రేంజ్‌కి వెళ్లి రైఫిల్ భుజానికి ఆనిస్తే గురి చూసే వెనక ఇనుప ఆకు (బ్యాక్‌సైట్) అలుక్కుపోయినట్టు కనబడేది. వంద గజాల దూరంలో పది తూటాలు కాలిస్తే ఏడంగుళాల మేర చెదిరిపోయాయి. పక్క బెంచీ కుర్రాడు అదే రైఫిల్‌తో నాలుగంగుళాల్లో పెట్టి చూపించాడు. లోపం ఎక్కడుందో అర్థమై స్కోప్ పెట్టించుకోవాలని నిర్ణయించుకున్నా. డ్రిల్లింగ్ అక్కర్లేని స్కౌట్ మౌంట్ (స్కోప్‌ని ముందుకి, బారెల్ మీద నిలిపే పట్టు) ఒకటి కొన్నా. దాని మంచిచెడ్డలూ, దాన్ని బిగించడానికి ఎక్కిన రెండు షాపుల సంగతీ రాస్తున్నా.

ముందు రైఫిల్ గురించి. ఇది ఇషాపూర్ 2ఏ1. కోల్‌కతాకి ఉత్తరాన హుగ్లీ ఒడ్డునున్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. భుజానికి ఆనే వెనక చెక్క (బట్) దగ్గర ఇనుప పట్టీ మీద నాలుగు సింహాల గుర్తు, దాని కింద 1967 అని అచ్చు ఉన్నాయి. టెక్సస్‌లో డాలస్ దగ్గర ఒక గన్ షోలో చూసి, బేరమాడి 450 డాలర్లకి తెచ్చుకున్నా. గ్రీన్ కార్డ్ చేతికొచ్చేదాకా తుపాకుల జోలికి పోలేదు, ఆ తర్వాత కొన్న మొదటి రైఫిల్ ఇదే.

చూడ్డానికి అచ్చం మన పోలీసుల త్రీనాట్‌త్రీ. అదే చెక్క, అదే మొద్దు మూతి. కానీ ఇది త్రీనాట్‌త్రీ కాదు. 1962లో చైనాతో యుద్ధమయ్యాక, 1907 నాటి లీ ఎన్‌ఫీల్డ్ (మన త్రీనాట్‌త్రీ అదే) నమూనానే తీసుకుని, ఇంకా గట్టి ఉక్కుతో, 7.62 నాటో తూటా పట్టేలా ఇషాపూర్ వాళ్లు మార్చారు. పది తూటాల మేగజీన్ పోయి పన్నెండు తూటాల చదరపు మేగజీన్ వచ్చింది. ముందు 2ఏ అని చేశారు. తర్వాత బ్యాక్‌సైట్‌లో రెండువేల దాకా ఉన్న అంకెల్ని ఎనిమిది వందల మీటర్లకి కుదించి 2ఏ1 అన్నారు. రెండువేల గజాల మీద గురిపెట్టేవాడు ఎవడున్నాడు మరి! అంటే పాత రూపం చెడకుండా పనికొచ్చేలా మార్చడం ఫ్యాక్టరీవాళ్లే ఒకసారి చేసి చూపించారు. నేను చెయ్యబోయేదీ అలాగే ఉండాలని నా పంతం.

మొదటి షాపువాడికి ఈ పంతం తలకెక్కలేదు. రైఫిల్ కౌంటర్ మీద పెట్టగానే బారెల్ పద్దెనిమిది అంగుళాలకి కోసేద్దామన్నాడు. ఈ చెక్కంతా తీసి నల్ల ప్లాస్టిక్ స్టాక్ వేద్దామని, బాడీకి నాలుగు బెజ్జాలు పెట్టి స్కోప్ కూర్చునే ఇనుప పట్టా (రైల్) బిగిద్దామని చెప్పుకుంటూ పోయాడు. నల్లగా, కురచగా, 'టాక్టికల్'గా ఉంటుందట. (మన దేశంలో అయితే బారెల్ కురచ చెయ్యడానికే 1959 ఆయుధ చట్టం ఆరో సెక్షన్ కింద విడిగా లైసెన్సు కావాలి. ఇక్కడ రైఫిల్ బారెల్ పదహారు అంగుళాలకి తగ్గకపోతే చాలు.) ఇంకో సంగతి కూడా వాడు చెప్పలేదు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న తుపాకిని ఇక్కడి చట్టం 'క్యూరియో అండ్ రెలిక్' (దాచుకోదగ్గ పాతకాలపు వస్తువు) కింద లెక్కేస్తుంది. కోసి మార్చాక ఆ లెక్కలోంచి పోతుంది. ధర సంగతి నేను కళ్లారా చూశా. అదే గన్ షోలో ఎవరో కోసిన ఇషాపూర్ ఒకటి 220 డాలర్ల చీటీతో మధ్యాహ్నం దాకా అలాగే పడి ఉంది.

కోతలు వద్దు, నేను తెచ్చిన మౌంట్ బిగించి, ఒకసారి శుభ్రం చేసి ఇమ్మన్నా. ఆరు వారాలు తిప్పాడు. ఇంటికి తెచ్చి చూస్తే ముందుచెక్కలో, సరిగ్గా బాడీకి ఆనే చోట, వేలెడంత చీలిక. ఏం జరిగిందో రెండో షాపుకెళ్లాకే తెలిసింది. ఈ రకం రైఫిల్‌లో బట్‌ని పట్టి ఉంచే పొడుగాటి బోల్ట్ కొస నలుచదరంగా ఉంటుంది. ఆ కొస ముందుచెక్కలోని చిన్న పలకలో కూర్చుంటుంది. అందుకని బట్ విప్పాలంటే ముందు ముందుచెక్క తియ్యాలి. అది తియ్యకుండా స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే బోల్ట్‌తో పాటు పలక తిరిగి చెక్క చీలిపోతుంది. లీ ఎన్‌ఫీల్డ్ పని తెలిసినవాళ్లకి ఇది అఆల పాఠం. ఆ షాపు పేరు రాయను గానీ, నూట నలభై డాలర్లు తీసుకుని చెక్క చీల్చి ఇచ్చారు.

రెండో షాపు డాలస్ దగ్గరి డెంటన్ ఊరి దారిలో ఉంది. బోర్డు కూడా సరిగ్గా కనబడని షెడ్డు. ఒక్క మనిషే పనిచేస్తాడు, ఫోన్ ఎత్తడు, మనమే వెళ్లాలి. మొదట గేజీలు పెట్టి హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ తూటాకీ మధ్య ఉండాల్సిన ఖాళీ) చూశాడు. బాగుందన్నాడు. చీలికలో జిగురు ఎక్కించి సన్నటి ఇత్తడి మేకు దిగ్గొట్టాడు, వెతికితే తప్ప కనబడదు. స్కోప్ సంగతి అడిగితే, "డ్రిల్ చేస్తే గట్టిగా నిలుస్తుంది, చెయ్యకపోతే నువ్వే అప్పుడప్పుడూ బిగించుకోవాలి. ఏది కావాలో చెప్పు" అన్నాడు. వద్దని గానీ, చెయ్యమని గానీ ఒక్క మాట ఒత్తి చెప్పలేదు. చెక్క పనికీ హెడ్‌స్పేస్‌కీ కలిపి తొంభై డాలర్లు. చేతిలో పని ఉన్నవాడి దగ్గర డబ్బిచ్చి వచ్చినా కష్టమనిపించలేదు.

ఇక మౌంట్. ధర 110 డాలర్లు. బ్యాక్‌సైట్ ఆకుని పట్టి ఉంచే అడ్డపిన్నుని కొట్టి తీసేస్తే ఆకు ఊడొస్తుంది. ఆ ఖాళీలో మౌంట్ కూర్చుంటుంది. ఇనుముకి ఒక్క గీత పడదు. స్కోప్ కంటికి తొమ్మిది పదంగుళాల దూరంలో, బారెల్ మీద ఉంటుంది కాబట్టి తూటాని లోపలికి తోసే పిడి బోల్ట్ లాగడానికీ, పైనుంచి తూటాలు వెయ్యడానికీ ఏదీ అడ్డు రాదు. దూరం నుంచి చూసే ఈ రకం స్కోప్ విడిగా కొనాలి. నాది రెండు నుంచి ఏడు రెట్లు చూపించేది, 190 డాలర్లు. ఆకునీ పిన్నునీ జిప్‌లాక్ సంచీలో వేసి, తేదీ రాసి బీరువాలో పెట్టా. మనసు మారితే పదిహేను నిమిషాల్లో రైఫిల్ 1967కి వెళ్లిపోతుంది.

ఫలితం ఏమిటంటే, ఇప్పుడు వంద గజాల్లో అయిదు తూటాలు మూడంగుళాల లోపు పడుతున్నాయి. యాభై ఏళ్ల పైబడిన సిపాయి తుపాకికి అది చాలు.

లోపాలు లేకపోలేదు. మొదటి రోజు ఇరవయ్యో తూటాకే గురి పక్కకి పోయింది, చూస్తే స్క్రూలు వదులయ్యాయి. నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూలు వదులు కాకుండా పట్టే జిగురు) పూసి మళ్లీ బిగించాక నాలుగు నెలలు కదల్లేదు. కంపెనీవాడు ఆ చిన్న సీసా పెట్టెలోనే పెట్టి ఇవ్వొచ్చు కదా! స్కోప్ ఎత్తులో ఉంటుంది కాబట్టి చెంప చెక్కకి ఆనదు, గడ్డం ఆనుతుంది. తాళ్లతో కట్టుకునే తోలు మెత్త వేశాను. సాయంత్రం సూర్యుడు మన వీపు వెనక ఉంటే వెనకద్దంలో వెలుగు పడి ఏమీ కనబడదు, ఒకసారి అలా అడవిపంది ఒకటి నా కళ్లెదుటే తీరిగ్గా నడిచి వెళ్లిపోయింది. ముందే నాలుగున్నర కిలోల పైన ఉన్న రైఫిల్, ఇప్పుడు మూతి వైపు ఇంకా లాగుతుంది. పెద్ద చిక్కు ఇంకోటుంది. స్కోప్ పగిలితే వెనక ఇనుప సైట్ లేదు, ఇంటికి రావాల్సిందే. వీటన్నిటికీ కలిపి మౌంట్‌కి అయిదుకి మూడున్నర ఇస్తాను. డెంటన్ ఆయనకి అయిదుకి అయిదూ.

నంద్యాలలో ఉన్న మా నాయనకి వీడియో కాల్‌లో చూపించా. ఆయన ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్‌గా ఇరవై రెండేళ్లు త్రీనాట్‌త్రీ మోసినాడు. చూడగానే, "ఇది మాది కాదురా, మేగజీన్ చదరంగుంది" అన్నాడు. చెక్క కొయ్యకుండా ఎంత జాగ్రత్తగా కాపాడానో చెప్తే మెచ్చుకుంటాడనుకున్నా.

"ఎందుకు కొయ్యలేదు? ఎలక్షన్ డ్యూటీలో బ్యాలెట్ పెట్టెల గది ముందర రాత్రంతా దీన్నే భుజాన ఏసుకుని నిలబడినాం. ఎవడన్నా రంపం తెచ్చి సగం కోసిస్తానంటే దండం పెడుతుంటి" అన్నాడు.

"మరి అప్పుడు నువ్వు రోజూ ముద్దుగా తుడుస్తుంటివి కదా నాయనా?"

"తుడవకపోతే మా ఆర్‌ఐ, రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, సంపుతుండె."

కాసేపు నవ్వి, స్కోప్ చూపించమన్నాడు. ఫర్వాలేదన్నాడు. తర్వాత ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఆ చీలిక చూపించమన్నాడు. ఇత్తడి మేకు మంచిదేనట. అవిసె నూనె పట్టించమన్నాడు, అరచేత్తో వేడెక్కేదాకా రుద్దాలని, ఒక్కసారే ఎక్కువ పొయ్యకూడదని చెప్పాడు. ఇండియన్ స్టోర్‌లో అవిసె గింజలున్నాయి గానీ నూనె లేదు. హార్డ్‌వేర్ షాపులో డబ్బా దొరికింది. ఫోన్‌లో చూపిస్తే దాని మీదేం రాసుందో చదవమన్నాడు. 'బాయిల్డ్' అని ఉంది. కాచింది వద్దు, పచ్చిదే కావాలన్నాడు. వెనక్కిచ్చేసి వచ్చా, రేపు ఇంకో షాపులో చూడాలి.