వెల్డు పగుళ్ల లెక్కకి ఏది మేలు: చేతి లెక్కా, నాచ్ పద్ధతా, హాట్ స్పాటా?

మిర్యాలగూడ రైస్ మిల్లులకి ఫ్యాబ్రికేషన్ చేసేవాళ్లు, జడ్చర్ల వైపు షెడ్లలో డిజైన్ చూసే కొత్త ఇంజినీర్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఒక్కటే: వెల్డింగ్ జాయింటు ఆగుతుందో లేదో చూడ్డానికి చేతి లెక్క చాలా, ఎఫ్ఈఏ (కంప్యూటరులో భాగాన్ని చిన్న ముక్కలుగా విడదీసి స్ట్రెస్, అంటే లోపలి ఒత్తిడి, లెక్కకట్టడం) చేయాలా, చేస్తే వెల్డుని కూడా మోడల్‌లో గీయాలా? నా మొగ్గు ముందే చెప్తాను. లోడు కదలకుండా ఉంటే చేతి లెక్క, ఊగుతూ కుదుపుతూ ఉంటే షెల్ మోడల్ (ప్లేట్లని పలచని ఉపరితలాలుగా గీసే ఎఫ్ఈఏ మోడల్) మీద హాట్ స్పాట్ పద్ధతి (వెల్డు అంచుకి కాస్త దూరంలో చదివి అంచు దగ్గరి స్ట్రెస్ లెక్కకట్టేది).

చేతి లెక్కని తక్కువ చేయొద్దు. ఉక్కు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800:2007 ప్రకారం 410 ఎంపీఏ (చదరపు మి.మీ.కి న్యూటన్లు) అల్టిమేట్, అంటే తెగే బలం, ఉన్న ఈ250 రకం ఉక్కు ప్లేట్ల మధ్య, షాపులో కొట్టిన 6 మి.మీ. ఫిల్లెట్‌కి (మూలలో వేసే త్రికోణపు వెల్డు) థ్రోట్, అంటే వెల్డు అతి సన్నని మందం, 4.2 మి.మీ., బలం మిల్లీమీటరుకి దాదాపు 795 న్యూటన్లు. అంటే 100 మి.మీ. పనికొచ్చే పొడవు ఉంటే ఎనిమిది టన్నులు. అదే వెల్డు సైటులో కొడితే భద్రతా గుణకం 1.25 నుంచి 1.5 అవుతుంది కాబట్టి ఏడు టన్నుల లోపుకి దిగుతుంది. షెడ్డు ట్రస్సుకి, నీళ్ల ట్యాంకు స్టాండుకి ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

కానీ ఇదే లెక్కతో ట్రాక్టర్ ట్రాలీ డ్రాబార్‌ని చూడండి, హాయిగా పాసవుతుంది. పొలం గట్ల మీద తిరిగీ తిరిగీ కొన్నాళ్లకి వెల్డు అంచున, ప్లేటులో, వెంట్రుకంత పగులు వస్తుంది, దాని వెంటే సన్నగా తుప్పు చార. అది బలం చాలక వచ్చింది కాదు, ఫెటీగ్, అంటే లోడు మళ్లీ మళ్లీ మారడంతో లోహం అలసి పగలడం. ఇక్కడే చాలామంది హై టెన్సైల్ ప్లేటు వేద్దాం అంటారు, దయచేసి ఆ డబ్బు పెట్టకండి. వెల్డు చేసింది చేసినట్టే వదిలేసిన జాయింటుకి ఈ250 అయినా ఈ350 అయినా ఫెటీగ్ లెక్క ఒకటే.

సరే, అప్పుడు ఎఫ్ఈఏ. సాలిడ్ మోడల్‌లో వెల్డుని త్రికోణంలా గీసి, మెష్ (మోడల్ని విడదీసే చిన్న ముక్కల వల) సన్నగా చేసి, ఎర్రగా కనిపించిన చోట గరిష్ఠ స్ట్రెస్ చదివేయడం ఎక్కువమంది చేసే పని. దాంతో నాకు పేచీ ఉంది. వెల్డు టో (వెల్డు ప్లేటుని కలిసే అంచు) దగ్గర మూల పదునుగా ఉంటుంది కాబట్టి మెష్‌ని సగం చేస్తే స్ట్రెస్ పెరుగుతుంది, మళ్లీ సగం చేస్తే మళ్లీ పెరుగుతుంది, ఎక్కడా ఆగదు. ఒక ఇంజినీరుకి 180, ఇంకొకరికి 310 వస్తే రెండూ ఆ జాయింటు గురించి ఏమీ చెప్పడం లేదు, మెష్ సైజు గురించే చెప్తున్నాయి. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నా నేను చూసేది ఇదొక్కటే: మెష్ మార్చినా అంకె నిలబడుతుందా?

హాట్ స్పాట్‌లో నిలబడుతుంది. టో దగ్గరి స్ట్రెస్ అసలు చదవం. టో నుంచి ప్లేటు మందానికి 0.4 రెట్ల దూరంలో, ఒక రెట్టు దూరంలో చదివి వెనక్కి లాగుతాం: మొదటిదాన్ని 1.67తో, రెండోదాన్ని 0.67తో గుణించి తీసివేయడమే. ఊగే జల్లెడ ఫ్రేములో 10 మి.మీ. ప్లేటు ఉందనుకోండి. ఒక ఊపులో స్ట్రెస్ ఈ చివర నుంచి ఆ చివరకి మారే మొత్తం తేడా 4 మి.మీ. దగ్గర 60, 10 మి.మీ. దగ్గర 50 అయితే హాట్ స్పాట్ 67 ఎంపీఏ. లోడు మోసే ఫిల్లెట్‌కి అంతర్జాతీయ వెల్డింగ్ సంస్థ ఐఐడబ్ల్యూ ఇచ్చిన ఫెటీగ్ క్లాసు ఫ్యాట్ 90, అంటే 90 ఎంపీఏ తేడాకి 20 లక్షల సైకిళ్లు. మన 67కి, 90ని 67తో భాగించి ఘనం చేసే లెక్కన, దాదాపు 49 లక్షలు. జల్లెడ నిమిషానికి 300 సార్లు, రోజుకి పది గంటలు ఊగితే అది నెలలోపే అయిపోతుంది! ప్లేటు మందం పెంచో, గసెట్ (మూలలో బలానికి వేసే ప్లేటు) ఆకారం మార్చో ఆ 67ని సగానికి తెస్తే ఆయుష్షు ఎనిమిది రెట్లవుతుంది.

నాచ్ పద్ధతిలో టో దగ్గర 1 మి.మీ. వ్యాసార్ధం గీసి ఫ్యాట్ 225తో పోలుస్తారు. పావు మిల్లీమీటరు ఎలిమెంట్లు కావాలి, అందులోనూ 5 మి.మీ., ఆపై మందానికే ఆ వ్యాసార్ధం. పగులు రూట్ (వెల్డు లోపలి అడుగు) నుంచి వచ్చే జాయింట్లకి మాత్రం ఇది పనికొస్తుంది, ఎందుకంటే హాట్ స్పాట్ టో పగుళ్లనే చూస్తుంది. ప్లేట్లని బాండెడ్ కాంటాక్ట్‌తో అంటించేసి వెల్డు వదిలేయడం ఫ్రేము ఎంత వంగుతుందో చూడ్డానికి సరిపోతుంది, అంతే.

సాఫ్ట్‌వేర్ ఖరీదని ఆగిపోకండి, ప్రీపోమ్యాక్స్, కాల్క్యులిక్స్ ఉచితమే. నన్ను హాట్ స్పాట్ వైపు లాగింది మాత్రం ఇంకో సంగతి. మోడల్‌లో చదివిన ఆ రెండు చోట్లే అసలు ఫ్రేము మీద పెయింటు గీకి, రెండు స్ట్రెయిన్ గేజ్‌లు (లోహం ఎంత సాగిందో కొలిచే పట్టీలు) అంటించి, మిల్లు నడుస్తుండగా కొలవొచ్చు. లోడు మనం ఊహించినదేనా కాదా అక్కడికక్కడే తేలిపోతుంది.