నలుగురిలో అనాలా, విడిగా అనాలా, రాసివ్వాలా?

అందరూ సరేనంటున్న ప్లాన్ మీకొక్కరికే తప్పనిపిస్తోంది. ఆ మాట మీటింగ్‌లోనే అనేయాలా, అయ్యాక మేనేజర్‌ను విడిగా కలిసి చెప్పాలా, మీటింగ్‌కు ముందే రాసి పంపాలా? నా ఓటు మూడోదానికి. ఒక్కచోట తప్ప.

నలుగురిలో చెప్పడం వినడానికి గొప్పగానే ఉంటుంది. 1951లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త గీతల పొడవు పోల్చే చిన్న పరీక్ష పెట్టాడు. గదిలో ఒక్కరు తప్ప మిగతావాళ్లంతా ఆయన మనుషులే, కావాలని ఒకే తప్పు జవాబు చెప్పేవారు. ఒంటరిగా అడిగితే దాదాపు ఎవరూ పొరబడని ప్రశ్నకు, సుమారు నాలుగింట మూడొంతుల మంది ఒక్కసారైనా గుంపుకు వంత పాడారు. ఆ గుంపులో వాళ్ల ఇంక్రిమెంటు రాసేవాడెవడూ లేడు మరి! ఆఫీసులో ఉంటాడు. అదే పరీక్షలో జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమంటే తప్పులు బాగా తగ్గాయి. నిజం చెప్పేవాడు ఇంకొక్కడు తోడున్నా తగ్గాయి.

విడిగా చెబితే ఆ తోడే దొరకదు. మీలాగే అనుకుంటూ నోరు మూసుకున్న పక్కసీటువారికి మీరున్న సంగతే తెలియదు. పైగా ఆలోచన మంచిదైతే రేపు ఎవరి పేరు మీద బయటికొస్తుందో! ఒకరి పొరపాటు ఎత్తిచూపాల్సినప్పుడు మాత్రం ఈ దారే మర్యాద.

రాతలో ఉన్న అసలు లాభం, పక్కవాళ్ల మాట చెవిన పడకముందే మన ఆలోచన పూర్తికావడం. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగంలో, కలిసి కూర్చున్న నలుగురి కంటే ఎవరికి వారు విడిగా ఆలోచించిన నలుగురి జాబితాలను కలిపితేనే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి.

ఇక ఆ ఒక్కచోటు, ప్రాణాల మీదికి వచ్చేది. అమెరికా వ్యోమనౌక చాలెంజర్ రాకెట్ల అతుకుల్లో సీలుగా ఉండే రబ్బరు రింగులతో ప్రమాదం ఉందని ఇంజనీరు రోజర్ బోజలే 1985 జులైలోనే రాసిచ్చాడు. 1986 జనవరి 27 రాత్రి ఆయనా, తోటి ఇంజనీర్లూ ఈ చలికి ఆ రబ్బరు గట్టిపడుతుంది, ప్రయోగం వద్దని నోటితోనూ చెప్పారు. పైవాళ్లు వినలేదు. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకు నౌక ముక్కలై ఏడుగురూ పోయారు. ఆ కాగితం విచారణలో సాక్ష్యానికి పనికొచ్చింది, అంతే. ఇలాంటి చోట కావలసింది అభిప్రాయం చెప్పే హక్కు కాదు, పని ఆపే హక్కు. టొయోటా ఫ్యాక్టరీల్లో లోపం కనిపిస్తే హెచ్చరిక తాడు లాగడానికో, బటన్ నొక్కడానికో కార్మికుడు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. గడువులోగా సరికాకపోతే లైన్ ఆగుతుంది.

మిగతా రోజులకు అరపేజీ నోట్ చాలు. ఏది బెడిసికొడుతుంది, నాకెలా తెలుసు, ఏం చూపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను. ఈ మూడోది రాయలేకపోతే ఆ నోట్ ఇంకా పంపకండి.