ఇంగ్లండ్‌లో మొదటి ఇల్లు: డిటాచ్డా, సెమీనా?

డిటాచ్డ్ అంటే నాలుగువైపులా విడిగా ఉండే ఇల్లు, సెమీ అంటే ఒకవైపు గోడ పక్కింటితో ఉమ్మడిగా ఉండే ఇల్లు. మొదటిసారి కొనేవాళ్లను నేనైతే సెమీనే చూడమంటాను. ముందు స్టాంప్ డ్యూటీ లెక్క చూడండి. 2025 ఏప్రిల్ నుంచి మొదటి ఇంటికి 3 లక్షల పౌండ్ల దాకా పన్ను లేదు, ఆపైన 5 లక్షల దాకా 5 శాతం. ధర 5 లక్షలు దాటిందా, రాయితీ మొత్తం పోతుంది. 5 లక్షల సెమీకి 10,000 పౌండ్లు కడితే సరిపోతుంది, 5,10,000 డిటాచ్డ్‌కి 15,500 కట్టాలి. పైగా సెమీలో ఒకవైపు పక్కిల్లే కాబట్టి చలికాలం వేడి తక్కువ పోతుంది.

డిటాచ్డ్ సుఖం వేరు. తెల్లారకముందే మిక్సీ వేసినా, రాత్రి పసివాడు ఏడ్చినా టెన్షన్ ఉండదు. వెనకవైపు ఇల్లు పెంచుకోవాలన్నా, ప్లానింగ్ అనుమతి లేకుండా మామూలుగా ఒక అంతస్తు వరకైతే వెనక్కి 4 మీటర్ల దాకా కట్టుకోవచ్చు. సెమీకి 3 మీటర్లే.

సెమీ చూడటానికి సాయంత్రం వెళ్లి, ఉమ్మడి గోడ దగ్గర కాసేపు మాట్లాడకుండా నిలబడండి. పక్కింటి టీవీలో మాటలు అర్థమవుతుంటే ఆ ఇల్లు వదిలేయండి.