ఫైబరా, సింక్ కార్డా? మన బురద నీళ్లకి ఏది మేలు

నీళ్లలో ఫొటోలు తీద్దామని ఈమధ్య హౌసింగ్ (కెమెరా తడవకుండా పెట్టే పెట్టె) కొన్న ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, “అన్నా, స్ట్రోబ్‌కి (హౌసింగ్ బయట బిగించే పెద్ద ఫ్లాష్‌కి) ఫైబర్ కేబుల్ తీసుకోనా, సింక్ కార్డ్ తీసుకోనా?” అని. షట్టర్ నొక్కినప్పుడు స్ట్రోబ్‌ని వెలిగించేది ఈ రెంటిలో ఏదో ఒకటి. మాల్దీవుల్లో దిగేవాళ్ల సంగతి వాళ్లు చెప్తార్లెండి, నేను దిగేది మన కోనసీమ చెరువుల్లో, కాలవల్లో, అప్పుడప్పుడు కోరింగ మడ అడవి పాయల్లో, కాబట్టి ఆ లెక్కలోనే చెప్తాను.

సింక్ కార్డ్‌ని తక్కువ చేసి మాట్లాడను, నాలుగేళ్లు వాడాను. షట్టర్ నొక్కగానే సిగ్నల్ వైరులో నేరుగా వెళ్లిపోతుంది, కెమెరాకి ఫ్లాష్ ఉందా, అది ఎప్పటికి చార్జ్ అవుద్ది అనే గొడవే లేదు, స్ట్రోబ్‌కి ఓపికున్నంతసేపు టపటపా ఫైర్ అవుతూనే ఉంటుంది. కాకపోతే హౌసింగ్‌కి చిల్లుండాలి, ఆ చిల్లులో నికోనోస్ అనే రకం ఐదు పిన్నుల సాకెట్, కార్డ్‌కి రెండు చివర్లా నీళ్లు చొరబడకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు. మన దగ్గర పేచీ అంతా ఆ రింగుల దగ్గరే.

ఒకసారి పోటు మీద పాయలో మడచెట్టు వేళ్ల కింద మండపీతని తీద్దామని పడవలోనే కూర్చుని కార్డ్ మార్చాను. చేతులు కడుక్కున్నాననే అనుకున్నా. రింగ్ మీద ఆవగింజలో సగం కూడా లేని ఇసుక రేణువు ఉండిపోయింది. దిగిన పది నిమిషాలకి నేను నొక్కకుండానే స్ట్రోబ్ దానంతటదే ఫైర్ అవడం మొదలెట్టింది, పీత పారిపోయింది, కాసేపటికి ఇదీ ఆగిపోయింది. ఇంటికొచ్చి విప్పితే సాకెట్లో చెంచాడు నీళ్లు, ఉప్పునీళ్లు కదా, మర్నాటికి పిన్నులకి పచ్చగా చిలుము.

ఫైబర్‌లో వెళ్లేది కరెంటు కాదు, వెలుగే, అది తగలగానే స్ట్రోబ్ ఫైర్ అవుతుంది. కేబుల్ హౌసింగ్ కిటికీకి బయటినుంచి ఆనుకుని ఉంటుంది, చిల్లు లేదు, ప్లగ్గులో నీళ్లు నిండినా పాడవడానికి లోపలేం లేదు. ఒండ్రు అడ్డంపడి ఫైర్ అవకపోతే నీళ్లలోనే ప్లగ్ పీకి, రెండుసార్లు ఆడించి మళ్లీ పెట్టేయడమే. కార్డ్‌తో ఈ పని చేస్తే అంతే సంగతులు. నావరకు తేలిపోయింది ఇక్కడే.

అలాగని దీనికి చిరాకులు లేవని కాదు. సీ అండ్ సీ కంపెనీ ప్లగ్గు, ఇనాన్ కంపెనీ ప్లగ్గు ఒకటి కావు, మధ్యలో అడాప్టర్ కావాలి. హౌసింగ్‌కి అసలు ప్లగ్ చోటే లేకపోతే వెల్క్రోతో అంటించే అడాప్టర్లుంటాయి, నాది ఒకటి తడికి జారి సగం రోజు ఫొటోలన్నీ నల్లగా వచ్చాయి. కేబుల్ మటుకు 613 సన్నటి పోగులుండే మల్టీకోర్ తీసుకోండి, ఒక్కటే లావు పోగుంటే గట్టిగా వంచినచోట వెలుగు పడిపోతుంది. ఇంటికొచ్చే ఇంటర్నెట్ ఫైబర్ ముక్క వాడొచ్చా అంటే కుదరదు, అందులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లే. ఒక మీటరు ప్లాస్టిక్ ఫైబర్ కొని, ఇనపచువ్వకి చుట్టి వేడినీళ్లలో ముంచితే స్ప్రింగులా నిలుస్తుంది, మరిగే నీళ్లు మటుకు వద్దు.

ఇంక ఆ వెలుగు ఎక్కడిది? కెమెరా ఫ్లాష్ అయితే మాన్యువల్‌లో అతి తక్కువ పవర్‌కి పెట్టండి, లేకపోతే ప్రతి ఫొటోకీ అది చార్జ్ అయ్యేదాకా పడిగాపులు, బ్యాటరీ కూడా తినేస్తుంది. ప్రీఫ్లాష్ (ఫొటోకి ముందు ఒకసారి మెరిసే ఫ్లాష్) వచ్చే మోడ్‌లో ఉంటే స్ట్రోబ్ ముందే ఫైర్ అయిపోయి ఫ్రేమ్ చీకటి. సోనీ ఏ7 లాంటివాటికి ఫ్లాషే లేదు, హాట్ షూ (కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే చోటు) మీద ఫ్లాష్ బదులు వెలుగిచ్చే ఎల్ఈడీ ట్రిగ్గర్ పెట్టాల్సిందే. నేనిప్పుడు అదే వాడుతున్నా, రెండు బటన్ సెల్సుతో నడుస్తుంది, వేగంలో సింక్ కార్డ్‌కి ఏం తీసిపోదు. డబ్బులే కాస్త ఎక్కువ.

కేబుల్ లేకుండా, కెమెరా ఫ్లాష్ వెలుగు నీళ్లలోంచి తగిలి స్ట్రోబ్ ఫైర్ అయ్యే స్లేవ్ మోడ్ అంటారా, తేటనీళ్లలో పనిచేస్తుంది, మన నీళ్లలో వద్దు. తిరిగొచ్చే వెలుగుని కొలిచి ఫ్లాష్ ఎంత కావాలో కెమెరాయే చూసుకునే టీటీఎల్ కూడా అంతే, బురద రేణువుల మీద పడి తిరిగొచ్చే వెలుగుకి అది మోసపోతుంది.

ఏ ఫైబర్ కొన్నా దిగేముందు దాని ఒక కొస ఫోన్ టార్చి మీద పెట్టి రెండో కొస చూడండి, చుక్కలా వెలగాలి. ధవళేశ్వరం నుంచి ఎర్రనీళ్లు దిగాయంటే మాత్రం రెండూ దండగే, ఆ నెలల్లో నేను కెమెరా బీరువాలో పెట్టేసి పులస బేరాలు చూసుకుంటా.