టెన్స్ మెషీన్: ఎనిమిది నెలలు నడుముకు కట్టుకుని తిరిగాక

సయాటికా వచ్చి నాలుగేళ్లయింది. నడుములో మొదలై పిక్క మీదుగా బొటనవేలి దాకా కరెంటు పాకినట్టు జివ్వుమంటుంది, అదీ సరిగ్గా మీటింగ్‌లో కదలకుండా కూర్చోవాల్సినప్పుడే. మందులు వాడుతున్నా మధ్యాహ్నానికి మళ్లీ మొదలవుతోందని ఫిజియోథెరపిస్ట్‌తో మొరపెట్టుకుంటే ఈ టెన్స్ మెషీన్ వాడి చూడమన్నారు: చర్మానికి అతికించే ప్యాడ్ల ద్వారా నరాలకు సన్నటి కరెంటు పంపే చిన్న పరికరం.

బెల్టుకు తగిలించి చొక్కా లోపల్నుంచి వైర్లు లాక్కుంటే ఎవరికీ తెలియదు. 80–100 హెర్ట్జ్‌లో పెడితే చీమలు పాకుతున్నట్టు ఉంటుంది, ఆ గోల్లో అసలు నొప్పి కాస్త వెనక్కి తగ్గుతుంది. 1965లో శాస్త్రవేత్తలు మెల్జాక్, వాల్ చెప్పిన గేట్ కంట్రోల్ సిద్ధాంతమే దీనికి ఆధారం: స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయి. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటాం చూడండి, అలాగన్నమాట. నాకైతే ఆఫ్ చేశాక ఉపశమనం అరగంట, మహా అయితే గంట. నయమైపోతుందని మాత్రం కొనకండి.

అసలు తలనొప్పి ప్యాడ్లతోనే. చెమట పడితే మూల లేస్తుంది, అప్పుడు మిగిలిన చోట చురుక్కుమని సూది గుచ్చినట్టు ఉంటుంది. ఓసారి ఫోన్‌లో క్లయింట్ రేటు చెబుతుండగా "అమ్మో" అనేశాను, ఆయన వెంటనే తగ్గించాడు! జిగురు పోతే ఒక్క నీటిబొట్టు రాస్తే ఇంకొన్నాళ్లు వస్తాయి.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. మెడ ముందు భాగంలో పెట్టొద్దు, డ్రైవింగ్‌లో అసలే వద్దు.

ఐదుకి మూడున్నర. ప్యాడ్లు బాగుంటే నాలుగిచ్చేదాన్ని.