బియర్డెడ్ డ్రాగన్ కొంటున్నారా? తోక చివరిదాకా చూడందే డబ్బు కట్టకండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మనవాళ్ళలో ఎవరైనా బియర్డెడ్ డ్రాగన్ (ఇళ్ళల్లో పెంచుకునే, తొండలాంటి ఆస్ట్రేలియా జీవి) కొనే ఆలోచనలో ఉంటే, అడ్వాన్సు పంపకముందే ఇది చదవండి. ముఖ్యంగా ఫోన్లో బేరం కుదుర్చుకుని బస్సు పార్శిల్లో తెప్పించుకునేవాళ్ళు. మా అక్క కొడుక్కి తోక కుళ్ళిన పిల్లని అంటగట్టారు. ఇదేమిటని అడిగితే "షెడ్డింగ్ మేడమ్, కుబుసం విడుస్తోంది, అంతే" అన్నారు. ఆ మాట నమ్మి ఊరుకుని ఉంటే ఆ ప్రాణి ఈపాటికి ఉండేది కాదు.

మావాడు ప్లస్ టూ చదువుతున్నాడు. చూడగానే మోజుపడి కొన్నవాడు కాదు. ముందు గాజు తొట్టి, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ ట్యూబు, వేడి బల్బు, రెండు మూలలకి రెండు థర్మామీటర్లు, కాల్షియం పొడి అన్నీ అమర్చుకుని, ఆఖర్న ప్రాణిని తెచ్చుకున్నాడు. చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు, వాళ్ళమ్మ కొంత కలిపింది. అమ్మినవాడు వేరే రాష్ట్రంలో ఒక పెద్ద నగరంలో ఉంటాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, పద్ధతి తెలుసుకుంటే చాలు. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ పద్ధతి ఫొటోల్లోనే ఉంది. వాడు పంపినవన్నీ ముచ్చటగా ఉన్నాయి. గడ్డం ఉబ్బించిన తల, వీపు మీద నారింజ చారలు, ముందుకాళ్ళు. ఒక్కదాంట్లోనూ తోక పూర్తిగా లేదు. నడుము దాటేసరికి ఫొటో అయిపోతుంది, లేదా తోక కొయ్య వెనక్కి పోయి ఉంటుంది. వీడియో కూడా ఎదురుగా నిలబడి తీసిందే. ఈ జీవికి ఒంటి పొడవులో సగానికి పైగా తోకే. అంత తోక ఒక్క ఫొటోలోనూ పడలేదంటే అది కావాలని తప్పించడమే. పర్లాకిమిడిలో ఇంకొకరికి కూడా ఇలాగే తోక లేని ఫొటోలు పంపి అమ్మారని తర్వాత తెలిసింది.

థర్మోకోల్ పెట్టెలో వచ్చింది. పెట్టె తెరిచేటప్పుడు మావాడు మొదటినుంచీ వీడియో తీశాడు. ఇవాళ మా చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే. తోక కొస దాదాపు అంగుళం మేర నల్లగా, ఎండు పుల్లలా బిగుసుకుపోయి ఉంది. నలుపు ఆగినచోట ఒక గీత. గీతకి పైన తోక మెత్తగా, గోధుమ రంగులో, బాగానే ఉంది. వెనక కాలికి ఒక వేలు లేదు.

ఫోన్ చేస్తే వరసగా మూడు జవాబులు వచ్చాయి. మొదట, షెడ్డింగ్, కొబ్బరినూనె రాయండి, రాలిపోతుంది. ఫొటోలు పంపి గట్టిగా అడిగాక, మీది సముద్రపు వార ఊరు కదా మేడమ్, తేమ ఎక్కువ, అందుకే వచ్చింది. చివరికి, మేం లైవ్ అరైవల్ గ్యారంటీ ఇచ్చాం, బతికే వచ్చింది కదా. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. రేపు మీకూ ఇవే మూడు మాటలు చెబుతారు, అందుకే ఒక్కొక్కదాని సంగతీ చెబుతాను.

షెడ్డింగ్ మాట. కుబుసం విడిచే ముందు చర్మం కాంతి తగ్గి, తెల్లగా లేదా బూడిద రంగులోకి పాలిపోతుంది. పైపొర పల్చటి కాగితంలా లేస్తుంది. లోపలి తోక మాత్రం మెత్తగానే వంగుతుంది, లావు తగ్గదు. తోక కుళ్ళు అలా ఉండదు. రంగు కొసనుంచి ముదురు గోధుమకి, తర్వాత నలుపుకి తిరుగుతుంది, కొస సన్నబడి గట్టిపడుతుంది, నలుపు మెల్లగా పైకి పాకుతుంది. ఇది ఎండు రకం. తడి రకంలో వాపు, చీము, చెడ్డ వాసన ఉంటాయి. నెత్తుటి ప్రవాహం ఆగి కండ చచ్చిపోవడమే రెండింటికీ మూలం. తోటి డ్రాగన్ కొరికిన గాయం, తలుపు సందులో తోక నలగడం, పాత కుబుసం ఊడకుండా ఉంగరంలా బిగుసుకుని నెత్తురు ఆపేయడం, బాక్టీరియా, ఫంగస్, వీటిలో ఏదైనా దీన్ని మొదలుపెట్టగలదు.

ఇక్కడ ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. కొన్ని డ్రాగన్లకి తోక కొస పుట్టుకతోనే ముదురు రంగులో ఉంటుంది. అది జబ్బు కాదు. అలాంటి తోక కొస వరకూ నిండుగా, మెత్తగా ఉంటుంది, రంగు నెలలు గడిచినా అక్కడే ఆగి ఉంటుంది. అనుమానం ఉంటే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, కొన్నాళ్ళకి మళ్ళీ తీసి పోల్చండి. నల్ల కొస కనబడగానే అమ్మినవాళ్ళందరినీ దొంగలనకూడదు.

తేమ మాట. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది మరీ ప్రమాదం. ఈ జీవి సొంత నేల మధ్య ఆస్ట్రేలియాలోని మెట్ట, ఎడారి ప్రాంతాలు. తొట్టిలో తేమ 30 నుంచి 40 శాతం మధ్య ఉంటే దానికి సుఖం. మన గంజాం తీరంలో వానాకాలం వస్తే తేమ 80 దాటడం మామూలే. కాబట్టి ఇక్కడ పెంచేవాళ్ళు తేమ కొలిచే హైగ్రోమీటరు తప్పకుండా పెట్టుకోవాలి, తొట్టికి గాలి ఆడాలి, తడి కొబ్బరిపీచులాంటివి లోపల పరచకూడదు. ఎండ కాచుకునే చోటు 38 నుంచి 42 డిగ్రీలు, చల్లటి మూల 25 చుట్టుపక్కల ఉండాలి. 2013లో ఫైలిన్ తర్వాత కరెంటు లేకుండా గడిపిన రోజులు గుర్తున్నవాళ్ళు, తుపాను వస్తే ఆ లైట్లు దేనిమీద నడుస్తాయో కూడా ముందే ఆలోచించుకోండి. ఇదంతా పెంపకం సంగతి. కొస ఎండి, గట్టిపడి, బతికున్న కండకీ చచ్చిన కండకీ మధ్య గీత తేలాలంటే రాత్రికి రాత్రి అయ్యే పని కాదు. మా పెట్టె తెరిచినప్పుడే ఆ గీత ఉంది. మన ఊరి గాలి దాన్ని ఇంకా తాకనే లేదు.

గ్యారంటీ మాట వినడానికి ధైర్యంగా ఉంటుంది, చదివితే తెలుస్తుంది. లైవ్ అరైవల్ అంటే ప్రాణంతో చేరితే చాలు, వాడి బాధ్యత తీరిపోయినట్టే. జబ్బుతో వచ్చినా, ఒక కాలు లేకుండా వచ్చినా ఆ షరతులో చోటు లేదు. అందుకే డబ్బు కట్టకముందే, పాత గాయం గానీ జబ్బు గానీ ఉంటే వెనక్కి తీసుకుని డబ్బు ఇస్తామని వాట్సాప్‌లో అక్షరాలా రాయించుకోండి. రాయనంటే ఆ బేరం వదిలేయండి.

వైద్యం విషయానికి వస్తే, ముందు ఊళ్ళోనే పశువైద్యుడికి చూపించాం. ఆవులు, మేకలు, కుక్కలు చూసే మనిషి. ఇది షెడ్డింగ్ కాదని చూడగానే అన్నారు. తనకి ఈ జీవుల అనుభవం లేదని, ఆలస్యం చెయ్యకుండా సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళమని నిజాయితీగా చెప్పారు. ఆయనకి మేం రుణపడి ఉన్నాం. మనకి భువనేశ్వర్, విశాఖ రెండూ రైలు దారిలోనే ఉన్నాయి. మేం బంధువులున్నారని విశాఖ వెళ్ళాం.

అక్కడి డాక్టరు ఎక్స్‌రే తీశారు. ఎందుకంటే కుళ్ళు చర్మంతో ఆగిందా, ఎముకకి పాకిందా అన్నది పైకి కనబడదు. కొస దగ్గర రెండు మూడు తోక ఎముకలు పాడయ్యాయి. లెన్సు పెట్టి మావాడికి ఇంకొకటి చూపించారు. నలుపుకి పైన తోక మీద మానిపోయిన చిన్న చిన్న పంటి గుర్తులు, వేలు పోయినచోట మానిన మచ్చ. పిల్లలన్నిటినీ ఒకే టబ్బులో కుక్కి పెంచితే, తిండి చాలక, వెచ్చటి చోటు చాలక, ఒకదాని వేళ్ళు, తోకలు ఒకటి కొరుకుతాయట. అంటే ఇది దారిలో తగిలిన దెబ్బ కాదు. అమ్మకముందే, వాడి ఇంట్లోనే మొదలైంది. డాక్టరు ఆ సంగతి తేదీతో సహా రాసిచ్చారు. మీరూ అలాంటి కాగితం అడిగి తీసుకోండి, మందుల చీటీ ఒక్కటే సరిపోదు.

మత్తు ఇచ్చి, నలుపు ఆగినచోట కాకుండా ఇంకాస్త పైన, మంచి కండ ఉన్నచోట తోక తీసేశారు. అంచులోనే కోస్తే లోపల మిగిలిన కుళ్ళు మళ్ళీ పాకుతుందని చెప్పారు. ఆ తర్వాత యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, నొప్పికి మందు, గాయానికి సిల్వర్ సల్ఫాడయజీన్ పూత. ఇసుక తీసేసి కాగితం పరిచాం. మందులు పడుతున్నన్నాళ్ళూ వేడి తగ్గకూడదన్నారు. ఈ జీవుల ఒంటికి రోగంతో పోరాడే శక్తి బయటి వేడి మీదే ఆధారపడుతుంది, చల్లబడితే మందు కూడా సరిగ్గా పనిచెయ్యదు. ఇప్పుడు కోలుకుంది, పురుగులు తింటోంది, ఆకులూ ముట్టుకుంటోంది. తోక మాత్రం ఇక పెరగదు. గోడమీద బల్లికి తెగినా మళ్ళీ వస్తుంది కదా అని చాలామంది ధైర్యం చెప్పారు. బియర్డెడ్ డ్రాగన్ మన తొండల కుటుంబానికి చెందినది. బల్లిలా తోక వదిలేసి పారిపోదు, పోయిన తోక దీనికి మళ్ళీ రాదు. వైద్యానికి, ప్రయాణాలకి అయిన ఖర్చు దాని ధరని దాటిపోయింది.

ఇప్పటికే మీ ఇంట్లో ఉన్నదానికి తోక నల్లబడుతుంటే, దయచేసి ఇంటి వైద్యం మొదలుపెట్టకండి. కొబ్బరినూనె, పసుపు, వెన్న ఏదీ వద్దు. నూనె పూస్తే కింద ఏం జరుగుతోందో కనబడదు, మురికి పడుతుంది. దారం కట్టి ఊడగొట్టమని, బ్లేడుతో తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పని అస్సలు చెయ్యకండి. నొప్పి తెలియకుండా చేసే మందు కలిసిన మనుషుల ఆయింట్‌మెంట్లు కూడా వద్దు. బిగుసుకున్న కుబుసమే అయితే లాగకండి. గోరువెచ్చటి నీళ్ళు కొద్ది లోతులో పోసి పది పదిహేను నిమిషాలు ఉంచితే మెత్తబడి దానంతటదే వదులవుతుంది. పుండు ఉంటే మాత్రం డాక్టరు చెప్పేదాకా నానబెట్టొద్దు. పక్కన ఇంకొకటి ఉంటే వెంటనే విడదీయండి. డాక్టరు దగ్గరికి వెళ్ళడమే అసలు పని, ఎంత తొందరగా వెళ్తే అంత తోక మిగులుతుంది. ఎముకనుంచి నెత్తుట్లోకి పాకితే ప్రాణమే పోతుంది.

కొనకముందు అడగాల్సినవి అడగడానికి మొహమాటపడకండి. ఆ రోజు వార్తాపత్రిక పక్కన పెట్టి, ముక్కు నుంచి తోక కొసదాకా ఆపకుండా తీసిన వీడియో కావాలనండి. పైనుంచి ఒకటి, పొట్ట వైపు ఒకటి. తోక కొసని వేలితో మెల్లగా వంచి చూపమనండి. నాలుగు కాళ్ళ వేళ్ళూ లెక్కపెట్టండి. పెంచే టబ్బు చూపమనండి. పదిహేను పిల్లలు ఒకదానిమీద ఒకటి పాకుతూ కనబడితే ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు. "ఆస్ట్రేలియా ఇంపోర్ట్" అని గొప్పగా చెప్పేవాడితో అసలు మాట్లాడకండి. ఆ దేశం తన సరీసృపాలని వ్యాపారానికి బయటికి పంపనివ్వదు. అది అబద్ధమైనా కావాలి, దొంగరవాణా అయినా కావాలి. 2018 నాటి పెట్ షాపు నియమాల ప్రకారం పెంపుడు జంతువులమ్మే దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగండి, బిల్లు అడగండి. మా అమ్మకందారు బిల్లు ఇవ్వలేదు, డబ్బు సొంత యూపీఐ ఖాతాకి వేయించుకున్నాడు. అయినా ఆ లావాదేవీ వివరం, వాట్సాప్ మాటలు, పార్శిల్ రసీదు, పెట్టె తెరిచిన వీడియో, డాక్టరు కాగితం అన్నీ మా దగ్గరున్నాయి.

అమ్మినవాడు వేరే రాష్ట్రంలో ఉన్నాడు, ఇంకేం చేస్తాంలే అని చాలామంది వదిలేస్తున్నారు. వదలక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వెయ్యవచ్చు, వాడి ఊరికి తిరగనక్కర్లేదు. కొన్న వస్తువు ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించుకోవచ్చు. మేం అక్కడ నమోదు చేయించి, అమ్మినవాడికి రాతపూర్వకంగా నోటీసు పంపాం. జవాబు రాకపోతే గంజాం జిల్లా కమిషన్‌కి వెళ్తాం.