చెన్నై సెంట్రల్ దగ్గరి సందర్శకుల సమాచార కేంద్రం: ఒక సమీక్ష

చెన్నైకి కొత్తగా వచ్చినవారికి నగరం కంటే ముందు సెంట్రల్ పరిసరాలు అర్థం కావాలి. దూరప్రయాణపు రైళ్ల స్టేషన్, దాని పక్కనే గుమ్మిడిపూండి, అరక్కోణం లోకల్ రైళ్లు బయలుదేరే మూర్ మార్కెట్ కాంప్లెక్స్, నేల కింద మెట్రో, రోడ్డుకు అవతల తాంబరం రైళ్లు ఆగే పార్కు స్టేషన్, దానికి చేరువలోనే వేళచ్చేరి రైళ్లు ఆగే పార్క్ టౌన్ అన్నీ నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉన్నాయి. అయితే ఈ చివరి రెండింటిలో ఒకదానికి బదులు మరొకదానికి వెళ్తే నుంగంబాకంలో దిగవలసినవారు మైలాపూరులో తేలుతారు. ఈ చిక్కును ఎంతవరకు విడదీస్తుందో చూసి ఇక్కడి సమాచార కేంద్రాన్ని అంచనా వేశాను. లోపాలు కూడా రాస్తున్నందున పేరు చెప్పడం లేదు.

నెల్లూరు నుంచి కంటి వైద్యానికి వచ్చిన మా మేనత్తను, మామయ్యను అక్కడికి తీసుకువెళ్లాను. కౌంటరులోని ఉద్యోగిని పటం చేతికివ్వక ముందే, "ఎక్కడికి వెళ్లాలమ్మా, మెట్లు ఎక్కగలరా, సామాను ఎంత ఉంది?" అని తెలుగులోనే అడిగారు. కాలేజీ రోడ్డులోని శంకర నేత్రాలయకు అని చెప్పగానే, సబ్‌వే దాటి పార్కులో తాంబరం రైలెక్కి, ఎగ్మోరు, చెట్‌పట్ తర్వాత వచ్చే నుంగంబాకంలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చని, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యకైతే ఇక్కడి నుంచే ఆటోలో వెళ్లడం మేలని చెప్పి, రెండు దారులూ ఒక చీటీ మీద రాసిచ్చారు. స్టేషన్ పేర్లను తమిళంలో కూడా రాయడం వల్ల, భాష రాని మామయ్య దానిని ఎవరికి చూపించినా దారి తెలుస్తుంది. సాధారణ సిటీ బస్సుల్లో 2021 నుంచి స్త్రీలకు టిక్కెట్ డబ్బు లేదన్న సంగతిని మేము అడగకుండానే చెప్పారు.

అచ్చు పటం మాత్రం పాతబడిపోయింది. ఆంధ్ర వైపు బస్సులకు 2018లో మాధవరం టెర్మినస్ తెరిచినా, 2023 డిసెంబరు చివర కిళాంబాక్కం టెర్మినస్ ప్రారంభమయ్యాక దక్షిణ జిల్లాల బస్సులు చాలావరకు అక్కడికి తరలినా, పటంలో అన్నిటికీ కోయంబేడు బస్ టెర్మినసే గుర్తు. సెంట్రల్ నుంచి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, తాంబరం దాటాక ఉన్న కిళాంబాక్కంలో మధురై బస్సు ఎక్కవలసినవారిని ఈ పటం సగం నగరం తిప్పుతుంది. మహాబలిపురం, కంచి యాత్రల కరపత్రాలు మాత్రం దండిగా ఉన్నాయి. వాటికి కొరత ఎన్నడూ లేదు.

పనివేళలు మరో లోపం. రాత్రి ఆంధ్రలో ఎక్కినవారు చాలామంది తెల్లవారేసరికే ఇక్కడ దిగుతుంటే, కేంద్రం తలుపులు పదింటికి తెరుచుకుంటాయి. అందువల్ల పొద్దున్నే దిగి ఆసుపత్రికి వెళ్లవలసినవారు ముందురోజే దారి రాసిపెట్టుకోవడం మంచిది. పగటిపూట వచ్చేవారు పటం వదిలేసి, నేరుగా కౌంటరుకు వెళ్లి అడగాలి.